ఏబీఎస్ లైటు వెలిగిందా? ఏ చక్రమో తేలేదాకా ఏ పార్టూ మార్చకండి

వానలు మొదలైతే చాలు, తెలిసినవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "గురూ, మీటరులో ఏబీఎస్ అని పసుపు లైటు వెలుగుతోంది. బ్రేకు మామూలుగానే పడుతోంది. వదిలేయొచ్చా?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

వదిలేయకండి. అలాగని భయపడి, షెడ్డులో మొదట చెప్పిన పార్టు మార్పించేయకండి. నా పాత కారుకి ఈ లైటు వెలిగినప్పుడు ఒక గ్యారేజీలో స్కానర్ కూడా పెట్టకుండానే "ఏబీఎస్ యూనిట్ పోయింది, మార్చాలి" అన్నారు. యూనిట్ అంటే ఏబీఎస్‌ని నడిపే పంపు, వాల్వులు, కంప్యూటర్ కలిసిన పెట్టె. దాని ధర వేలల్లో కాదు, పదుల వేలల్లో ఉంటుంది. ఆదివారం నేనే చక్రం తీసి చూస్తే వెనక ఎడమ చక్రం సెన్సార్ కప్లర్‌లో (తీగలు కలిపే ప్లగ్గులో) ఒక పిన్ను చిలుము పట్టి పచ్చగా ఉంది. శుభ్రం చేసి బిగించాను. ఆ బండి అమ్మేదాకా ఆ లైటు మళ్ళీ వెలగలేదు. అందుకే ఎవరడిగినా ముందు చెప్పేది ఇదే: తప్పు ఏ చక్రం దగ్గరుందో, ఎందుకొచ్చిందో తేలేదాకా డబ్బు తీయకండి.

అసలు ఏబీఎస్ ఏం చేస్తుందో నాలుగు ముక్కల్లో చెప్తాను. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సార్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది చెబుతుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఏదైనా చక్రం బిగుసుకుపోయి జారబోతే, యూనిట్ ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి వదిలి, మళ్ళీ పట్టి, మళ్ళీ వదులుతుంది. సెకనులో చాలాసార్లు చేస్తుంది. ఒక్క సెన్సార్ తప్పు చెప్పినా యూనిట్ తనని తాను ఆపేసుకుని లైటు వెలిగిస్తుంది. అప్పుడు మీ కారు బ్రేకు పనిచేస్తుంది కానీ ఏబీఎస్ లేని పాత కారు లాగా పనిచేస్తుంది. తడి రోడ్డు మీద ఆటో అడ్డం వచ్చి బ్రేకు మీద నిలబడితే చక్రాలు బిగుసుకుంటాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసింది ఇందుకే.

విశాఖలో ఈ ఫిర్యాదు ఎక్కువగా వినిపించడానికి కారణం గాలిలోనే ఉంది. బీచ్ రోడ్డు పక్కన, పెదవాల్తేరులో, ఋషికొండలో, భీమిలి దారిలో బయట పెట్టే కార్ల కింది భాగం చూడండి. ఉప్పు గాలికి హబ్బులు, బోల్టులు, బ్రాకెట్లు తొందరగా తుప్పు పడతాయి. ఏబీఎస్ సెన్సార్ కూర్చునేది సరిగ్గా ఆ తుప్పు మధ్యలోనే. దానికి తోడు పెద్ద వాన పడితే జ్ఞానాపురం లాంటి పల్లపు చోట్ల నిలిచిన నీళ్ళలోంచి బండి నడుపుతాం. సెల్లారులో పెట్టిన బండికైతే ఎలుకల బెడద వేరే.

ముందు ఇది చదవండి: ఏ లైటు వెలిగితే బండి కదపకూడదు

పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే నెమ్మదిగా, ముందు బండికి దూరంగా ఉంటూ ఇంటికి రావచ్చు.

పసుపు లైటుతో పాటు ఎర్రటి బ్రేకు లైటు కూడా వెలిగితే సంగతి వేరు. ముందు హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. దించినా ఎర్ర లైటు పోకపోతే బ్రేకు ఆయిల్ తగ్గి ఉండాలి, లేదా ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండాలి. ఈబీడీ లేకుండా గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని బండి తోక తిప్పేయవచ్చు. సింహాచలం కొండ మీదో, కైలాసగిరి మీదో, అరకు ఘాట్‌లోనో ఉండగా రెండు లైట్లూ వెలిగితే దయచేసి దిగే ప్రయత్నం చేయకండి. పక్కకి ఆపి రికవరీ బండి పిలవండి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతున్నా అంతే.

కావాల్సినవి

జాకీ, కనీసం ఒక జాకీ స్టాండు, చక్రాలకి అడ్డం పెట్టడానికి రెండు గట్టి చెక్క దిమ్మెలు. వీల్ పానా. 10 మి.మీ. సాకెట్, చిన్న అలెన్ కీల సెట్టు (సెన్సార్ బోల్టు చాలా కార్లలో ఈ రెండిట్లో ఒకదానితో వస్తుంది). డిజిటల్ మల్టీమీటర్. తుప్పు వదిలించే స్ప్రే, కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి నైలాన్ బ్రష్, పాత బనీను గుడ్డ. హెడ్ టార్చి. ఫోను, ఫొటోల కోసం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఏబీఎస్ కోడ్లు (తప్పు ఎక్కడుందో చెప్పే నంబర్లు) చదవగలిగే స్కానర్. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ ఓబీడీ ముక్క (కారు కంప్యూటర్ సాకెట్‌కి తగిలించేది), ఉచిత యాప్ కలిపి సాధారణంగా ఇంజిన్ కోడ్లే చూపిస్తాయి. ఇంజిన్ కోడ్ "పీ" అక్షరంతో మొదలవుతుంది. ఏబీఎస్ కోడ్లు ఎక్కువగా "సీ"తో మొదలవుతాయి. ఆ యాప్ "ఏ కోడూ లేదు" అని చూపిస్తే బండిలో తప్పు లేదని కాదు, ఆ యాప్ ఏబీఎస్ యూనిట్‌తో మాట్లాడలేదని అర్థం. కొనే ముందు మీ కారు మోడల్‌కి ఏబీఎస్ చదువుతుందా, నాలుగు చక్రాల వేగం లైవ్‌గా చూపిస్తుందా అని అడిగి కొనండి. కొనడం ఇష్టం లేకపోతే ఆటోనగర్‌లో స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళి కోడ్ చదివించుకోండి, అంతే చేయించుకోండి. ఆ స్క్రీన్ ఫొటో తీసుకుని ఇంటికి వచ్చేయండి.

జాకీ వేసి చక్రం మార్చడం ఎప్పుడూ చేయనివాళ్ళు 3వ మెట్టు దాకా చేయండి. ఆ వివరం చేతిలో పెట్టుకుని మెకానిక్ దగ్గరికి వెళ్తే మాట తీరే మారిపోతుంది.

1. లైటు ఎప్పుడు వెలుగుతోందో రాసుకోండి

తాళం తిప్పగానే ఏబీఎస్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అది దాని సొంత పరీక్ష. ఆరకుండా అలాగే ఉండిపోతే తీగ తెగడం, షార్ట్, ఫ్యూజ్, యూనిట్ లాంటి కరెంటు తప్పు అయ్యే అవకాశం ఎక్కువ.

ఆరిపోయి, బండి కదిలి కొంచెం వేగం అందుకున్నాక వెలిగితే సెన్సార్ మొన మీద మురికి, రింగు (చక్రంతో పాటు తిరిగే, సెన్సార్ చదివే పళ్ళ చట్రం) పగులు, బేరింగ్ అరుగుదల వైపు చూడాలి.

వానలోనే వెలిగి ఎండకి ఆరిపోతే కప్లర్‌లోకి నీళ్ళు పోతున్నాయి, లేదా తీగ పైతొడుగు పగిలింది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే వెలిగితే ముందు చక్రం తీగ ఎక్కడో లాగబడుతోంది.

పొడి రోడ్డు మీద మెల్లగా ఆపుతుంటే, సరిగ్గా ఆగబోయే ముందు పెడల్ కాలి కింద టకటకా కొట్టిందా? లైటు వెలగకపోయినా ఇది జబ్బే. సెన్సార్ చదివే పళ్ళ రింగు పగిలినప్పుడు ఇలాగే జరుగుతుంది. చక్రం తిరుగుతున్నా ఆ పగులు దగ్గర "ఆగిపోయింది" అని యూనిట్ పొరబడుతుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోండి. తాళం తిప్పినప్పుడు ఏబీఎస్ లైటు అసలు వెలగకపోతే, పాత యజమాని బల్బు పీకించి గానీ నల్ల టేపు అంటించి గానీ అమ్మి ఉండొచ్చు. ఇది చాలా పెద్ద ద్రోహం. అవతలివాళ్ళ ప్రాణాల మీదకి తెచ్చే పని.

2. జాకీ తీయకముందు పది నిమిషాల పరీక్ష

బ్రేకు ఆయిల్ డబ్బా చూడండి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గి ఉంటే వెంటనే పోసేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం సహజంగానే దిగుతుంది. ప్యాడ్లు కొత్తవే అయితే ఎక్కడో కారుతోంది. కారణం చూడకుండా పోస్తే రోగం దాక్కుంటుంది. పోయాల్సి వస్తే మూత మీద రాసిన రకమే పోయండి, చాలా కార్లకి డాట్ 3 లేదా డాట్ 4. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క పడినా లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడవుతాయి. బ్రేకు ఆయిల్ పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళతో కడగండి.

బ్యాటరీ చూడండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటరులో 12.4 నుంచి 12.7 వోల్టులు ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.8 నుంచి 14.5 ఉండాలి. స్టార్ట్ చేసేటప్పుడు మరీ కిందికి పడిపోతే ఏబీఎస్ యూనిట్ కరెంటు చాలక లైటు వెలిగిస్తుంది. బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లటి పొక్కు ఉంటే ముందు అది శుభ్రం చేయండి. లైటు దానితోనే పోతే మీరు అదృష్టవంతులు.

ఫ్యూజులు చూడండి. ఏబీఎస్‌కి సాధారణంగా ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. మోటారుకి ఒక పెద్దది, వాల్వులకి ఒకటి, కంట్రోలుకి ఒక చిన్నది. పెద్దవి బానెట్ కింది పెట్టెలో ఉంటాయి. ఏది ఎక్కడుందో మూత లోపల బొమ్మ ఉంటుంది. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజే వేయండి. మళ్ళీ కాలితే ఎక్కడో షార్ట్ ఉంది. పెద్ద ఆంపియర్ల ఫ్యూజ్ వేసి నడిపితే తీగలు కాలతాయి.

టైర్లు చూడండి. నాలుగింటిలో ఒకటి వేరే సైజుదా? గాలి బాగా తగ్గిందా? పంక్చరై చిన్న స్పేర్ చక్రం మీద తిరుగుతున్నారా? చిన్న చక్రం ఎక్కువ సార్లు తిరుగుతుంది. యూనిట్ దాన్ని తప్పుగా లెక్క వేసుకుంటుంది. అసలు చక్రం వేశాక లైటు పోయిందేమో చూశాకే ముందుకి వెళ్ళండి.

బ్రేకు తొక్కితే వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా? పెడల్ దగ్గర స్విచ్ పాడైనా కొన్ని కార్లలో ఏబీఎస్ లైటు వస్తుంది.

3. కోడ్ చదవండి, ఫొటో తీయండి, తర్వాతే చెరపండి

స్టీరింగ్ కింద, డ్రైవర్ మోకాలి దగ్గర ఓబీడీ సాకెట్ ఉంటుంది. స్కానర్ పెట్టి తాళం ఆన్ చేసి, ఇంజిన్‌లోకి కాకుండా ఏబీఎస్ లేదా బ్రేకు మెనూలోకి వెళ్ళండి. వచ్చిన ప్రతి కోడూ ఫొటో తీయండి. చూసీ చూడగానే "ఎరేజ్" నొక్కేయడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడప్పుడు వచ్చే తప్పు అయితే కోడ్‌తో పాటు మీ చేతిలో ఉన్న ఒకే ఒక ఆధారం పోతుంది.

అందరికీ ఉమ్మడిగా వాడే కోడ్లలో సీ0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సార్, సీ0040 ముందు కుడి, సీ0045 వెనక ఎడమ, సీ0050 వెనక కుడి. సీ0110 అయితే పంపు మోటారు సర్క్యూట్. యూ0121 అయితే ఏబీఎస్ యూనిట్ మిగతా కంప్యూటర్లతో మాట్లాడటం మానేసిందని అర్థం. చాలా కంపెనీలు సొంత నంబర్లు కూడా వాడతాయి కాబట్టి స్కానర్ చూపించే వివరణ చదవండి.

ఎడమ, కుడి అనేవి డ్రైవర్ సీట్లో కూర్చుని ముందుకి చూస్తే ఏ పక్కన ఉంటుందో ఆ పక్క. బండి ముందు నిలబడి చూస్తే తారుమారవుతుంది. ఇలా తప్పు చక్రం విప్పినవాళ్ళని చూశాను.

"సెన్సార్ కోడ్ వచ్చింది కాబట్టి సెన్సార్ పోయింది" అనుకోకండి. ఆ కోడ్ చెప్పేది ఆ చక్రం నుంచి రావాల్సిన కబురు సరిగ్గా రావట్లేదని మాత్రమే. సెన్సార్, తీగ, కప్లర్, రింగు, బేరింగ్ అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి.

ఇప్పుడు అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం తెరిచి, ఇంకొకరి చేతికి ఇచ్చి పక్కన కూర్చోబెట్టండి. నడిపేవాళ్ళు స్క్రీన్ చూడకూడదు. తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్డు మీద తిన్నగా గంటకి 30 కి.మీ. వేగంతో వెళ్ళండి. నాలుగూ దాదాపు 30 చూపించాలి. ఒకటి సున్నా దగ్గరే ఉండిపోతే తీగ గానీ సెన్సార్ గానీ తెగింది. ఒకటి అప్పుడప్పుడు 30 నుంచి 0కి పడి లేస్తుంటే కప్లర్ లేదా రింగు. ఒకటి ఎప్పుడూ తేడా చూపిస్తుంటే టైరు సైజు లేదా రింగు. ఒక జాగ్రత్త: పాత రకం సెన్సార్లు మరీ మెల్లగా కదిలేటప్పుడు ఏమీ చూపించవు. అది తప్పు కాదు, వేగం పెంచాక చూడండి.

4. ఆ చక్రం తీసి కళ్ళతో చూడండి

చదునైన నేల మీదే జాకీ వేయండి. మన ఊళ్ళో కొండవాలు వీధులు, అపార్ట్‌మెంట్ ర్యాంపులు ఎక్కువ. అక్కడ పొరపాటున కూడా వద్దు. ఎదుటి చక్రాలకి దిమ్మెలు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయండి. ఎత్తాక స్టాండు పెట్టి, బరువు స్టాండు మీదకి దించండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద తల పెట్టకండి. ఇందులో రాజీ లేదు.

తాళం ఆపేయండి. సెన్సార్ ఎక్కడుందో తీగ పట్టుకుని వెతకండి. సస్పెన్షన్ వెంట వచ్చి హబ్బులోకి దూరుతుంది. ఈ నాలుగు చోట్లా టార్చి వేసి చూడండి.

తీగ: క్లిప్పు ఊడి టైరుకి రాసుకుందా, ఎలుక కొరికిందా, వంపు దగ్గర రబ్బరు పగిలిందా. ముందు చక్రమైతే స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పించి, తీగ లాగబడుతుందేమో చూడండి.

కప్లర్: విప్పి లోపల చూడండి. విశాఖ బండ్లలో నా చేతికి ఎక్కువసార్లు తగిలిన తప్పు ఇక్కడే ఉంది. పిన్ను మీద పచ్చటి చిలుము, తెల్లటి పొడి, తడి, ఊడిపోయిన రబ్బరు సీలు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, టిక్కుమనే దాకా బిగించండి. పిన్ను సన్నగా తినేసి ఉంటే శుభ్రం చేసి లాభం లేదు, ఆ కప్లర్ ముక్క మార్పించాలి.

రింగు: పళ్ళు కనిపించే రకమైతే చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ ఒక్కో పన్నూ చూడండి. పగులు ఉందా, పళ్ళ మధ్య మట్టి గట్టిపడిందా, రింగు కింద తుప్పు పెరిగి పైకి ఉబ్బిందా. పళ్ళే కనిపించకపోతే మీది బేరింగ్ సీలులోనే అయస్కాంత పొర ఉండే కొత్త రకం కావచ్చు.

బేరింగ్: ఇది చక్రం బిగించే ఉండగా, నేల నుంచి లేపి చూడాలి. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపితే ఆట ఉండకూడదు. తిప్పితే గరగరా మోగకూడదు. బేరింగ్ ఊగుతుంటే సెన్సార్ ఎన్నిసార్లు మార్చినా లైటు తిరిగి వస్తుంది.

5. సెన్సార్ తీసి శుభ్రం చేయడం

తుప్పు స్ప్రే బోల్టు మీద, సెన్సార్ మెడ చుట్టూ కొట్టి అరగంట ఆగండి. స్ప్రే డిస్కు మీద, ప్యాడ్ల మీద పడకుండా గుడ్డ కప్పండి. పడితే బ్రేకు జారుతుంది. పొరపాటున పడితే డిస్కుని బ్రేక్ క్లీనర్‌తో తుడవండి, ప్యాడ్లు తడిస్తే అవి మార్చడమే మంచిది.

బోల్టు వచ్చాక సెన్సార్‌ని తీగ పట్టి లాగకండి. దాని ఒంటిని పట్టి అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ పైకి తీయండి. ఉప్పు గాలి తిన్న బండ్లలో ఇది రాయిలా బిగిసి ఉంటుంది, ప్లాస్టిక్ విరిగే అవకాశం ఉంది. అందుకే సోమవారం ఉదయం ఆఫీసుకి కారు కావాల్సినవాళ్ళు ఆదివారం సాయంత్రం ఈ పని మొదలుపెట్టకండి. కదలకపోతే బలవంతం చేయకుండా వదిలేయండి, అక్కడుండగానే కప్లర్ దగ్గర మీటరుతో పరీక్షించవచ్చు. ముందు మీటరు పెట్టి, తర్వాత తీయడం ఇంకా మంచి వరస.

తీశాక మొన చూడండి. నల్లటి పొడి ముద్దలా అంటుకుని ఉంటే అది డిస్కు అరిగి రాలిన ఇనుప రజను. గుడ్డతో తుడవండి. ఎమెరీ పేపరు, వైరు బ్రష్ వద్దు. సెన్సార్ కూర్చునే గుంటలో తుప్పు పేరుకుంటే సెన్సార్ రింగుకి దూరంగా జరుగుతుంది, సిగ్నల్ బలహీనమవుతుంది. గుంటని చేత్తో, మెల్లగా గీకి శుభ్రం చేయండి. పొడి లోపలికి పడకుండా చూసుకోండి. అయస్కాంత పొర రకానికి మొన మీద అయస్కాంతం ఉన్న స్క్రూ డ్రైవర్ దగ్గరికి కూడా తేవద్దు.

తిరిగి పెట్టేటప్పుడు సెన్సార్ అడుగుదాకా చేత్తో కూర్చోవాలి. బోల్టు బిగించి లోపలికి లాగితే చెవి విరుగుతుంది.

6. మీటరుతో పరీక్ష

ముందు సెన్సార్ ఏ రకమో మాన్యువల్లో చూసి గానీ, అడిగి గానీ తేల్చుకోండి, ఎందుకంటే పరీక్ష పూర్తిగా వేరు.

పాత రకంలో లోపల తీగచుట్ట ఉంటుంది. కప్లర్ విప్పి, సెన్సార్ వైపు రెండు పిన్నుల మధ్య ఓమ్ (కరెంటుకి ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత) చూడండి. సాధారణంగా 800 నుంచి 2,500 ఓమ్‌ల మధ్య వస్తుంది. కచ్చితమైన అంకె కోసం వెతుక్కోవడం కంటే ఎదురుగా ఉన్న మంచి చక్రం సెన్సార్‌తో పోల్చండి. అంతం లేని ఓమ్ చూపిస్తే చుట్ట తెగింది, సున్నాకి దగ్గరైతే షార్ట్. తర్వాత మీటరుని ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, చక్రం సెకనుకి ఒక చుట్టు చొప్పున తిప్పండి. వోల్టేజి పుట్టాలి, వేగం పెంచితే పెరగాలి. ఓమ్ బాగుండి ఇక్కడ ఏమీ రాకపోతే రింగు చూడండి.

కొత్త రకంలో చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు ఉంటుంది. దానికి ఓమ్ చూస్తే ఏమీ తెలియదు, పైగా చిప్పు దెబ్బతినవచ్చు. మంచి సెన్సార్‌ని "చచ్చిపోయింది" అని పారేసేది ఈ పొరపాటుతోనే. కప్లర్ విప్పి, బండి వైపు తీగల్లో తాళం ఆన్ చేసి డీసీ వోల్టులు చూడండి. కరెంటు వస్తుంటే, కారుని బట్టి 5 నుంచి 12 వోల్టుల దాకా, తీగ, యూనిట్ బాగున్నట్టే, అనుమానం సెన్సార్ మీదకి పోతుంది. రాకపోతే తీగ తెగి ఉండొచ్చు. కొన్ని యూనిట్లు తప్పు కనిపెట్టగానే ఆ చక్రానికి కరెంటు ఆపేస్తాయి, కాబట్టి తాళం ఆపి మళ్ళీ వేసి ఆ క్షణంలోనే చూడండి. ఇక్కడ కూడా ఎదురు చక్రంతో పోల్చడమే మంచి దారి.

రెండు వైపులా ఒకే పార్టు నంబరు ఉంటే ఇంకో ఉపాయం. ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చి పెట్టండి. కోడ్ కూడా వైపు మారితే సెన్సార్‌దే తప్పు. కోడ్ కదలకపోతే తీగ లేదా రింగు.

7. దొరికిన తప్పుని బట్టి పని

*తీగ తెగితే:* మెలితిప్పి టేపు చుట్టడం వద్దు. రెండు వానలకి లోపల చిలుము పడుతుంది. టంకం పెట్టి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం వేసి, క్లిప్పుల్లో పాత దారిలోనే కట్టండి. చక్రం పైకీ కిందికీ కదిలే వంపు దగ్గర తెగితే అతుకు నిలవదు, సెన్సార్ తీగతో సహా మార్చండి.

*సెన్సార్ పోతే:* ఛాసిస్ నంబరు చెప్పి పార్టు అడగండి. ముందుది, వెనకది, ఎడమది, కుడిది వేరు వేరు కావచ్చు. కప్లర్ ఆకారం కలిసినంత మాత్రాన అదే పార్టు అనుకోవద్దు. పాతది చేతిలో పెట్టుకుని వెళ్ళి, తీగ పొడవు, మొన పొడవు పోల్చి చూసుకోండి.

*రింగు పగిలితే, బేరింగ్ పోతే:* దీనికి ప్రెస్సు కావాలి, షెడ్డులోనే చేయించండి. కానీ అక్కడ ఉండి ఒక్క విషయం చూడండి. అయస్కాంత పొర ఉన్న బేరింగ్‌కి ఒక వైపే ఆ పొర ఉంటుంది. ఆ వైపు సెన్సార్ వైపుకి రావాలి. తిరగేసి కొడితే బేరింగ్ హాయిగా తిరుగుతుంది, ఏబీఎస్ మాత్రం పనిచేయదు. బిగించే ముందు రెండు వైపులా సన్నటి గుండుసూది దగ్గరపెట్టి చూడమనండి, పొర ఉన్న వైపు అంటుకుంటుంది. బేరింగ్ మార్పించిన మర్నాడే ఏబీఎస్ లైటు వచ్చిందని చెప్పేవాళ్ళందరినీ నేను మొదట అడిగేది ఇదే.

*పంపు లేదా యూనిట్ కోడ్ వస్తే:* యూనిట్ కప్లర్ విప్పి (బ్యాటరీ నెగటివ్ తీశాక) లోపల నీళ్ళు, చిలుము ఉన్నాయేమో చూడండి. ఎర్త్ తీగ బాడీకి బిగించిన చోట తుప్పు గీకి, గట్టిగా బిగించండి. ఇక్కడితో మీ పని ఆపండి. యూనిట్‌కి వచ్చే బ్రేకు గొట్టాల నట్లు ఇంట్లో విప్పకండి. లోపలికి గాలి పోతే మామూలుగా పెడల్ కొట్టి ఎయిర్ తీస్తే రాదు, చాలా బండ్లకి స్కానర్‌తో పంపు నడిపిస్తూ తీయాలి. యూనిట్ మార్చాక కొన్ని కార్లకి కోడింగ్ కూడా కావాలి. మార్చాలని ఎవరైనా చెబితే రెండో చోట కూడా స్కాన్ చేయించండి, యూనిట్‌కి కరెంటు, ఎర్త్ సరిగా ఉన్నాయని పరీక్షించి చూపించమనండి.

లైటు విసిగిస్తోందని ఫ్యూజ్ పీకేయమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. దయచేసి వినకండి. ఈబీడీ కూడా దాంతోనే పోతుంది.

8. పని అయ్యిందో లేదో ఎలా తెలుస్తుంది

చక్రం నట్లు ఒకదాని తర్వాత ఎదురుది బిగిస్తూ, బండి దించాక మాన్యువల్లో చెప్పినంత గట్టిగా బిగించండి. ఇంజిన్ వేయకముందే బ్రేకు పెడల్ రెండు మూడు సార్లు నొక్కి గట్టిగా ఉందో చూడండి. మెత్తగా ఉంటే బండి కదపవద్దు.

కోడ్లు చెరిపి, తాళం ఆపి మళ్ళీ వేయండి. లైటు వెంటనే ఆరకపోతే నీరసపడకండి. సెన్సార్ తప్పు బాగుపడ్డా, బండి కొంచెం వేగం అందుకుని నాలుగు చక్రాలూ సరిగా తిరుగుతున్నాయని చూసుకునేదాకా చాలా యూనిట్లు లైటు ఆర్పవు. బాగైన బండిని ఇంటి ముందే మళ్ళీ విప్పినవాళ్ళున్నారు. బండి కదిలిన కొత్తలో ముందు నుంచి ఒకసారి "గుర్రు"మని చిన్న చప్పుడు రావచ్చు, అది పంపు తనని తాను పరీక్షించుకోవడం.

తర్వాత లైవ్ వేగాలు మళ్ళీ చూడండి. నాలుగూ కలిసి నడవాలి, మలుపులో బయటి చక్రాలు కాస్త ఎక్కువ చూపించాలి.

చివరిగా బ్రేకు పరీక్ష. వెనక ఎవరూ లేని, పొడిగా ఉన్న ఖాళీ లేఅవుట్ రోడ్డు చూసుకోండి. జాతీయ రహదారి మీద వద్దు, బీచ్ రోడ్డు మీద అసలు వద్దు. సీటు బెల్టు పెట్టుకుని, ముందు 20 కి.మీ. వేగంలో మామూలుగా ఆపి బండి ఏ పక్కకీ లాగట్లేదని చూసుకోండి. తర్వాత 40 కి.మీ. వేగంలో ఒక్కసారిగా పూర్తి బలంతో తొక్కండి. పెడల్ కాలిని టకటకా తన్నాలి, చక్రాలు కీచుమని ఈడ్చుకుపోకూడదు, బండి తిన్నగా ఆగాలి. ఆ తన్ను మొదటిసారి తగిలినప్పుడు చాలామంది భయపడి కాలు తీసేస్తారు. తీయకండి. అలా తన్నుతోందంటే అది పనిచేస్తోంది. ఇంట్లో కారు నడిపే మిగతావాళ్ళ చేత కూడా ఒకసారి తొక్కించండి, నిజంగా అవసరం వచ్చినప్పుడు వాళ్ళ కాలు ఆగిపోకుండా ఉంటుంది. ఇసుక, గులకరాళ్ళ మీద ఈ పరీక్ష చేయకండి. అలాంటి నేల మీద ఏబీఎస్ బాగున్నా బండి ఆగడానికి ఎక్కువ దూరం పట్టవచ్చు. ఈదురుగాలులకి ఇసుక కొట్టుకొచ్చిన బీచ్ రోడ్డు మీద నడిపేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి.

బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే ఈ సందర్భంలోనే మార్పించేయండి. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, మన ఊళ్ళో తేమకి కొదవ లేదు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. అనంతగిరి ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ఆ తేడా పెడల్‌లో తెలుస్తుంది.

వాటర్ సర్వీసింగ్ చేయించేటప్పుడు అడుగు భాగం మంచినీళ్ళతో కడగమనండి, ఉప్పు పోతుంది. ప్రెషర్ గన్ను మాత్రం సెన్సార్ కప్లర్ల మీద దగ్గర నుంచి కొట్టవద్దని చెప్పండి.

వారం తర్వాత, వీలైతే ఒక మంచి వాన పడ్డాక, లైటు వెలగకపోయినా ఒకసారి స్కాన్ చేసి చూడండి. పాత కోడ్ మళ్ళీ కనిపిస్తే అదే చక్రం కప్లర్ దగ్గర నుంచి మొదలుపెట్టండి. వేరే చక్రం కోడ్ వస్తే, ఆ చక్రానికి 4వ మెట్టు.